చెయ్యి దూరే జాగా

మొన్న ఆదివారం మా ఇంట్లో గీజరు పోయింది. నల్లగొండలో గీజర్లు వయసు మీద పడి పోవు, సున్నం పట్టి పోతాయి. మా వాడకట్టు ఎలక్ట్రీషియన్ వచ్చి దాని కడుపులోంచి రాడ్డు బయటికి లాగాడు. వేలంత లావుండాల్సింది మణికట్టంత అయి, తెల్లగా, గరుకుగా ఉంది. స్క్రూడ్రైవరుతో ఒక్కటిచ్చి, పెచ్చు ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"గీ నీళ్లకు గింతే సార్. యాసిడ్‌ల ముంచుదామా, కొత్తది తెమ్మంటరా?"

నేను ఆ పెచ్చును నాలుక మీద పెట్టుకున్నాను. అతను నన్నొక రకంగా చూశాడు. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ, "ఆయనకది అలవాటే" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

నీళ్లను, ఆ నీళ్లు వదిలిపోయిన సున్నాన్ని నాలుకతో చూడడం నాకు నేర్పిన మనిషి పోయిన వానకాలంలో చనిపోయాడు. కోస్గికి కొంచెం ఇవతల, రోడ్డు పక్కనే ఆయన గిర్ని ఉండేది. కట్టెలు కాల్చి, ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో పిండి పట్టే గిర్ని. నేను యంత్రాల మీద పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని. ఆయనను మించిన ఇంజనీరును నా జన్మలో చూడలేదు. ఆ మాట ఆయన బతికుండగా ఆయనతో ఎవరూ అనలేదు, నేను కూడా. ముందే చెప్పేస్తే మనసు కొంత తేలికపడుతుందని ఇక్కడే చెబుతున్నాను.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను పాలమూరులో పాలిటెక్నిక్ లెక్చరర్ని. సొంతంగా యంత్రాలు చేసుకుంటున్న పల్లెవాళ్లను వెతికి నివేదికలు రాయమని పైనుంచి కాగితం వస్తే, మా ప్రిన్సిపాల్ ఆ పని నాకు అంటగట్టాడు. కోస్గి దిక్కు ఒకాయన మంటతో జొన్నలు పడుతున్నాడని ఎవరో చెప్పారు. వెళ్లి రెండు ఫొటోలు తీసుకుని, నాలుగు ముక్కలు గీకేసి, పొద్దుగూకకముందే ఇల్లు చేరదామని బండి మీద బయల్దేరాను.

రేకుల షెడ్డు. ఒక మూల ఇటుక పొయ్యి మీద పడుకోబెట్టిన మందపాటి ఇనుప పీపా, అదే బాయిలరు. దాని పక్కన, ఒకప్పుడు బావి మీద నీళ్లు తోడిన పాత ఆయిల్ ఇంజను. దానికి డీజిలు మానిపించి ఆవిరి అలవాటు చేశాడు. ఇంజను చక్రానికి బెల్టు, బెల్టు కొసన పిండి రాయి. ఆయన పొయ్యికి ఎదురుగా కాక, పక్కగా చిన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. బక్కపలచని ఒళ్లు, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. బాయిలరులో నీళ్లెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం మీదనే ఉన్నాయి కళ్లు. నేను నమస్తే పెడితే చేతులు నా వైపు జోడించాడు గాని చూపు మాత్రం అటే ఉంచాడు.

"కూసో సారూ. నీ దిక్కు సూడకుంటె ఏమనుకోకు. గాడ నీళ్లు దిగినయంటె మనం కూసునే జాగ ఉండది."

సారూ అంటూనే నువ్వు అనేవాడు. నేను ఆయనను కాకా అని పిలిచేవాణ్ని. అన్నేళ్ల పరిచయంలో ఆయన ఆ గాజు గొట్టానికి వీపు పెట్టడం ఒకే ఒక్కసారి చూశాను. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆయన పద్ధతులు చూస్తే మొదట్లో నాకు నవ్వొచ్చేది. పొద్దున పొయ్యి ముట్టించేముందు బిందెలోంచి దోసెడు నీళ్లు తీసుకుని నోట్లో తిప్పి, పక్కకు ఉమ్మి, "ఇయ్యాల జర మందంగున్నయ్" అనేవాడు. బోరు అదే, నీళ్లు అవే, ఈయనకు రోజుకో రుచి ఎలా తెలుస్తుందని నేను అనుకునేవాణ్ని. తరువాత వాన పడ్డ వారంలోనూ ఎండాకాలంలోనూ నీళ్ల సీసాలు పట్టుకెళ్లి కాలేజీలో పరీక్ష చేయిస్తే, ఆయన నాలుక ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. పొయ్యిలోకి సర్కారు తుమ్మ తప్ప వేరే కట్టె వేసేవాడు కాదు. నీళ్లు దిగిన చెరువు శిఖంలో ఎవరికీ అక్కరలేకుండా పెరిగేది అదొక్కటే. ప్రతి కట్టె ఆయన మోచేతి నుంచి మణికట్టు దాకా ఉండాలి, అంతకంటే పొడుగు ఉండకూడదు. ఒకటి కాలుతుంటేనే ఇంకొకటి. ముద్ద పెట్టినట్టు పెట్టేవాడు.

ఆయనకు బీడీ అలవాటుంది. ఎదురుగా అంత మంట పెట్టుకుని, జేబులోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల గీసుకునేవాడు. ఒకసారి అడిగాను, ఇదేం దండుగ కాకా అని.

"అది పని మీదున్నది సారూ. పనిల ఉన్నోన్ని పట్టుకొని నిప్పు అడుగుతమా?"

రెండోసారి వెళ్లినప్పుడు నేను కాటా తీసుకుపోయాను. కట్టెలు తూచి, చక్రానికి తాడు చుట్టి బరువులు వేలాడదీసి, ఎంత కట్టెకు ఎంత పని వస్తుందో పగలంతా లెక్క కట్టాను. వంద పాళ్ల మంటలో చక్రానికి అందుతున్నది మూడు నాలుగు పాళ్లు. ఇంత చిన్న ఆవిరి ఇంజనుకు అంతకన్నా రాదని పుస్తకాల్లో ఉన్నదే. అయినా ఎదుటివాడి తప్పు దొరికినంత హుషారు వచ్చింది నాకు.

"కాకా, వందల నాలుగే పనికొస్తున్నయి. తొంభై ఆరు దండుగ."

ఆయన గాజు గొట్టం వైపే చూస్తూ అడిగాడు.

"గా తొంబై ఆరు ఏడికి వోయినయో రాసుకున్నవా?"

"ఏడికేంది, గాల్లెకు."

"జరసేపు ఆగు" అని, పొయ్యిలో మంట తగ్గించి, నీళ్లు సరిచూసి, అప్పుడు లేచి నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. ఇంజను వాడుకుని వదిలేసిన ఆవిరి ఒక పైపులోంచి పెద్ద గోలెంలోకి దిగుతోంది. గోలెంలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. దాని మీద చిల్లుల గిన్నెలో పల్లికాయ ఉడుకుతోంది, మర్నాడు కోస్గి అంగడికి. గోలెం పక్కన ఐదారు బిందెలు వరుసగా ఉన్నాయి. ఒక ముసలామె ముందుకొచ్చి, "కోడలికి నీళ్లు పోయాలె, రెండు బిందెలియ్యి" అంది. ఊళ్లో ఎవరింట్లో బాలింత ఉన్నా ఆ నీళ్లే పోసేవారట. ఆయన ఇంటి చెంబు ముట్టనివాళ్ల బిందెలు కూడా ఆ వరుసలో ఉన్నాయి. దాని గురించి ఆయన ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఎవరైనా వరుస తప్పితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"గిదో సారూ, నీ తొంబై ఆరు. అన్ని గాకపోయినా సగమన్న ఈడ్నె ఉన్నయి. గివి గూడ లెక్కల ఏసుకో."

నా నోటుపుస్తకంలో చక్రానికి ఒక గడి ఉంది గాని గోలేనికి గడి లేదు. బాలింతకు అసలే లేదు. నాకు చాలా సిగ్గేసింది, బయటపడకుండా పెన్ను మూత పెట్టుకున్నాను.

ఆ రోజు పొయ్యి ఆర్పిన తరువాత ఆయన నన్నొకటి అడిగాడు. అడిగేముందు తన సంగతి కొంచెం చెప్పాడు. నల్లగొండ దిక్కు ఒక రైస్ మిల్లులో బాయిలరు మీద పనిచేశాడు. పెళ్లికి ముందు చేరి, కూతురు నర్సు చదువు పూర్తి చేసేదాకా అక్కడే ఉన్నాడు.

"బాయిలర్ కాడ గోడకు అద్దం పలకల సర్టిఫికెట్ ఉండె సారూ. గా పేరు నాది గాదు. గా మనిషిని ఏడాదికొక్కపారి సూసేటోన్ని గంతే. ఇన్‌స్పెక్టర్ వచ్చే దినం ఆయనొచ్చి బాయిలర్ కాడ నిలవడేటోడు. నన్ను చాయ్ తెమ్మని తోలేటోళ్లు."

నవ్వుతూనే చెప్పాడు. తరువాత నవ్వు ఆపి, "ఒక్క కాయితం రాసియ్యి సారూ. మీ కాలేజి ముద్ర ఏసి. నాకు బాయిలర్ వస్తదని, నా పేరు మీద" అన్నాడు.

"దాంతోటి ఏం జేస్తవ్ కాకా?"

"గోడకు ఏస్త."

ఎందుకు రాయను అన్నాను. అని ఊరుకుంటే బాగుండేది. నాలుగు పాళ్ల యంత్రానికి కాలేజీ ముద్ర పడదు, ముందు దీన్ని కొంచెం బాగుచేద్దాం, కట్టె ఖర్చు సగానికి దించి చూపిస్తే ప్రిన్సిపాల్ తానే వచ్చి సంతకం పెడతాడు అని కూడా అన్నాను. ఆయన ఆరిన బాయిలరు మీద చెయ్యి వేశాడు. "నువ్వెట్లంటె గట్ల" అన్నాడు.

మళ్లీ వెళ్లేసరికి షెడ్డులో గాజు గొట్టానికి ఎదురు గోడ మీద కొత్త మేకు కొట్టి ఉంది.

నా బాగుచేత ఇది. పీపా నిండా నీళ్లు మరగబెట్టే బదులు, సన్నటి ఉక్కు గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా మంటలో ఉంచి, ఒక కొసన నీళ్లు పంపుతో నెడితే రెండో కొసన ఆవిరి రావాలి. మంట నాలుగు పక్కలా తగులుతుంది గనక వేడి వృథా కాదు. హైదరాబాదులో చుట్ట చేయించుకొచ్చాను. ఆయన పాత పీపాను పొయ్యి మీంచి దించి గోడకు చేర్చాం. అప్పుడే ఇంకో దిద్దుబాటు కూడా చేశాను. ఆయన రోజూ బాయిలరు నీళ్లలో గ్లాసెడు ఎర్రటి కషాయం కలిపేవాడు. తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లు. అది నురగ కట్టి ఇంజనులోకి వస్తుందని చెప్పి మాన్పించాను. ఇది బాయిలరు కాకా, నాటువైద్యం కాదు అని కూడా అన్నట్టు గుర్తు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఆయన చుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వేలు పెట్టి చూశాడు, చిటికెన వేలు కూడా దూరలేదు.

"దీని కడుపులకు చెయ్యి దూరది సారూ."

"దూరాల్సిన పని లేదు."

"గాజు గొట్టం గూడ లేకపాయె. మల్ల నేనిప్పుడు ఏం సూస్తుండాలె?"

"ఆవిరి గేజు ముల్లు చూడు, చాలు."

ఆయన సర్దుకుని పీట మీద కూర్చున్నాడు. ఎటు చూడాలో తెలియక ఆ వారమంతా తన చేతుల వంక చూసుకున్నాడు. కాని కట్టె నిజంగానే సగమైంది. కాటా వేసి చూపించాను. మూడు వారాలు నేను నేల మీద నడవలేదు. ప్రిన్సిపాల్‌కు చెప్పి రోజు ఖాయం చేసుకున్నాను. ముద్ర, కాగితం బ్యాగులో పెట్టుకుని వస్తానన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన పంపు పిడి కొడుతూ ఆగిపోయాడు. మళ్లీ రెండుసార్లు కొట్టి, "బరువైంది" అన్నాడు.

నేను గేజు చూశాను. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. పంపు వాషరు బిగిసి ఉంటుందన్నాను.

"వాషర్ గాదు. నీళ్లు పోతలెవ్వు. నిప్పు గుంజుదాం."

"పది నిమిషాలాగు కాకా. సారోళ్లు దగ్గర్లకొచ్చిన్రట, ఇప్పుడే ఫోన్ జేసిన్రు. ఇప్పుడు ఆర్పితె ఏం సూపిస్తం?"

నేను పొయ్యి నోటికి ఎదురుగా గొంతుక్కూర్చుని ఇంకో కట్టె అందుకున్నాను. ఆయన అప్పటిదాకా నన్ను ముట్టుకుని కూడా ఎరగడు. చొక్కా కాలరు పట్టుకుని లేపి, జొన్న బస్తాల వెనక్కి తోసేశాడు. తాను కొంకి కట్టె తీసుకుని, పొయ్యికి పక్కగా గోడకు ఆనుకుని నిలబడి, చెయ్యి మాత్రం చాపి నిప్పులు బయటికి లాగడం మొదలుపెట్టాడు. మూడో ఊపుకు లోపల గొట్టం చీలింది. పెద్ద శబ్దమేమీ కాదు, గట్టిగా ఈల వేసినట్టు వచ్చింది. పొయ్యి నోట్లోంచి ఆవిరీ బూడిదా నిప్పు కణికలూ కలిసి ఎదురు గోడ దాకా కొట్టాయి. నేను కూర్చున్న చోటు కాసేపు కనపడలేదు.

తెల్లటి పొగలోంచి ఆయన బయటికొచ్చాడు. మోచెయ్యి బొబ్బలెక్కుతోంది. నన్ను బస్తా మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. నేనేదో చెప్పబోయాను.

"నీ లెక్క ఒక్కకాడ మంచిదే సారూ" అన్నాడు. "దీని కడుపుల నీళ్లు తక్కువ. గందుకే గింతతోని వోయింది. అదే నా పీప అయితె మనకు షెడ్డు మిగలకపోవు."

ఆ మాట విని నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎత్తిపొడుపేమో అనుకున్నాను, కాదు. ఒళ్లు కాలి నిలబడ్డ మనిషి, తన యంత్రాన్ని నాశనం చేసినవాడి లెక్కలో ఎక్కడ మంచి ఉందో వెతికి చెబుతున్నాడు. నిజంగానే ఉంది కూడా. ఆ ఒక్క క్షణంలో నేను చదివిన చదువంతా ఆయన ముందు చిన్నబోయింది.

ప్రిన్సిపాల్ వచ్చి, తడిసిన బూడిదను చూసి, బూట్లు ఎత్తి ఎత్తి వేస్తూ షెడ్డంతా తిరిగాడు. బ్యాగు తెరవలేదు.

నాలుగు రోజుల తరువాత నేను వెళితే, ఆయన కట్టు కట్టిన చేత్తోనే రంపం పట్టుకుని ఆ చుట్టను ముక్కలుగా కోసి వరుసగా పెట్టాడు. ఏ ముక్కలో చూసినా సున్నం. మధ్యలో సూది దూరేంత సందు. చీలిన చోట అదీ లేదు. గేజు చుట్ట చివర్న ఉంది గనక, నీళ్లు ముందే ఆగిపోయిన సంగతి దానికి ఇంకా అందలేదు. పంపు పిడి మీదున్న ఆయన చేతికి తెలిసింది.

తరువాత గోడకు చేర్చిన పాత పీపా దగ్గరికి తీసుకుపోయి, దాని మొఖాన నాలుగు బోల్టులు విప్పాడు. మోచెయ్యి దాకా చెయ్యి పట్టే రంధ్రం. "పెట్టు" అన్నాడు. నేను చెయ్యి లోపలికి పెట్టాను. రాయిలా గట్టిపడ్డ సున్నం తగులుతుందనుకున్నాను. మెత్తటి ఎర్రమట్టి వేళ్లకు అంటుకుని వచ్చింది. కింద ఇనుము నున్నగా తగిలింది.

"తంగెడు చెక్క" అన్నాడు. "మా బాపు తోళ్లు ఊనేటోడు సారూ. ఇంటెన్క లంద ఉండె, తోళ్లు నానేసే తొట్టి. లందలకు నీళ్లు మోసేది నేనే. గీ నీళ్లే. మా అవ్వ కాగు సూస్తె తెల్లగ పెచ్చులు గట్టేది. లంద సూస్తె ఏండ్లకేండ్లు గడిచినా సున్నం వట్టకపోవు. రెండిట్లకూ నీళ్లు ఒక్కటే. మరి లందల ఏమున్నది? తోళ్లున్నయి, తంగెడు చెక్కున్నది. బాయిలర్ల తోళ్లు ఏసేది లేదు గదా. చెక్క ఏసి సూసిన."

మిల్లులో ఉన్నన్నాళ్లూ, సున్నం పట్టకుండా బాయిలరులో వేసే మందు పొడి అయిపోయినప్పుడల్లా ఆ చెక్క నీళ్లే వాడాడట. అక్కడ ఎవరికీ తెలియదు. తన చిన్నతనంలో ఆ లంద వాసనకు ముక్కు మూసుకుని ఆమడ దూరం నడిచినవాళ్లున్నారని ఒక్కసారి మాత్రం అన్నాడు, అదీ నేను అడిగితేనే.

కాలేజీ లైబ్రరీలో అట్ట ఊడిన పాత బాయిలర్ల పుస్తకం ఒకటి తీసి చూశాను. చెట్ల చెక్కలోని వగరు, టానిన్, సున్నాన్ని గట్టిపడనివ్వదని, పూర్వం బాయిలర్లలో అదే కలిపేవారని రాసి ఉంది. పాఠం చెప్పేవాణ్ని గదా, పరిగెత్తుకుపోయి చెప్పాను. ఆయన చాలాసేపు ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి గీ బుక్కు రాసినాయన బాపు గూడ లందల పనిజేసిండా?"

నిజంగానే అడిగాడు. నేను తెలియదన్నాను.

నెల తిరిగేసరికి ఆయన పాత పీపాను మళ్లీ పొయ్యి మీదికి ఎక్కించాడు. కాని నా ఆలోచనను పారేయలేదు. పొగ వెళ్లే దారిలో లావుపాటి గొట్టం ఒకటి తిన్నగా, వంపు లేకుండా పెట్టి, రెండు కొసలకూ మరలు తిప్పితే ఊడే మూతలు బిగించాడు. నీళ్లు ముందు దాంట్లో వేడెక్కి, తరువాత బాయిలరులోకి వెళతాయి. దిగాల్సిన సున్నం చాలావరకు అక్కడే దిగుతుంది. వారానికొకసారి మూతలు విప్పి, పొడుగాటి చువ్వ అటునుంచి ఇటు దూర్చి లాగితే సరి. నేను కాటా వేశాను. కట్టె సగానికి దిగలేదు గాని, నాలుగో వంతు దాకా ఆదా అయింది.

"నీ లెక్కకు జర చెయ్యి దూరే జాగా ఇచ్చిన" అన్నాడు. "రేపు నువ్వుండవు, నేనుండ. కోస్గిల దొరికే పానాతోని విప్పనీకి రావాలె గదా."

నేను ఆ తరువాత ఎన్ని బ్యాచ్‌లకు పాఠం చెప్పానో, ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజు ఇదే చెప్పాను. యంత్రం ఎంత పొదుపైనదో తరువాత చూద్దాం, అది పాడైన రోజు ఎవరి చెయ్యి దూరుతుందో ముందు చెప్పండని.

ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. మీట నొక్కితే తిరిగే గిర్నీలు ఊళ్లోకి వచ్చాయి. ఆయన దగ్గర పిండి పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. అంగడికి ముందురోజు మాత్రం పల్లికాయ కోసం, బిందెల కోసం పొయ్యి వెలిగేది. నాకు నల్లగొండ బదిలీ అయింది. అయినా ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేవాణ్ని. వెళ్లిన ప్రతిసారీ ఆ మేకు కనబడేది. షెడ్డులో సామాను తగిలించుకోవడానికి చోటు లేక చొక్కా బస్తాల మీద పడేసేవాడు గాని, దాని మీద ఏదీ తగిలించలేదు. కాగితం మాట మళ్లీ ఎత్తలేదు.

తెల్ల కాగితం మీదైనా నేను రాసి ఇవ్వవచ్చు. ముద్ర లేకపోతే ఏం, నా సంతకం ఉంది. ఎన్నోసార్లు అనుకున్నాను. లైసెన్సు లేని బాయిలరు, రేపు ఏదైనా అయితే ఆ సంతకం నా మెడకు చుట్టుకుంటుందని భయం. ఒకసారి కాలరు పట్టుకుని ప్రాణం నిలబెట్టిన మనిషి విషయంలో నాకా భయం. ఇంతకంటే వివరంగా చెప్పుకునేది ఏమీ లేదు.

ఆయన ఉండగా చివరిసారి వెళ్లింది రెండేళ్ల కింద, చలికాలం. ఆయనకు ఆయాసం మొదలైంది. కోస్గి దవాఖానలో నర్సుగా చేస్తున్న కూతురు సెలవు పెట్టి దగ్గరుంది. నన్ను చూడగానే, "ఇయ్యాల పొయ్యి నువ్వు పెట్టు సారూ" అన్నాడు.

నేను నీళ్లు నోట్లో తిప్పి చూశాను. మందంగా ఉన్నాయి, చెక్క నీళ్లు కొంచెం ఎక్కువ కలిపాను. మూతలు విప్పి చువ్వ దూర్చాను. మోచేయంత కట్టెలు ఏరుకుని పొయ్యి ముట్టించాను. కూతురు ఆయన మంచాన్ని షెడ్డులోకి తెచ్చి, గాజు గొట్టానికి ఎదురుగా వేయబోయింది.

"అటు గాదు బిడ్డా. రోడ్డు దిక్కు ఎయ్యి."

ఆయన బాయిలరుకు వీపు పెట్టి పడుకున్నాడు. వచ్చేపోయేవాళ్లతో వానల సంగతి మాట్లాడాడు. నడుమ కాసేపు నిద్ర కూడా పోయాడు. నా కళ్లు గాజు గొట్టం మీంచి కదలలేదు. పల్లికాయ ఉడికింది, మనుమరాలు పుట్టిందని ఒకామె వచ్చి రెండు బిందెలు పట్టుకుపోయింది. నాకు బీడీ అలవాటు లేదు గాని ఉంటే అగ్గిపుల్లే గీసుకునేవాణ్ని. పొద్దు వాలాక నిప్పులు లాగి, నీళ్లు సరిచూసి, ఆయన ముందుకొచ్చి నిలబడ్డాను. పరీక్ష రాసిన పిల్లవాడిలా చేతులు కట్టుకుని ఉన్నానని తరువాత ఆయన కూతురే చెప్పింది.

ఆయన కూతురుతో కాగితం, పెన్ను తెప్పించాడు. "రాయి బిడ్డా. గీ సారుకు బాయిలర్ వస్తది. పొద్దుగాల నుంచి మాపటి దాక ఒక్కడే నడిపిండు."

ఆమె రాసి, "నేను సూసిన అని రాయాల్నా బాపూ? నువ్వు గటు తిరిగి పండుకుంటివి గదా" అంది.

"సూడలేదని రాయి" అన్నాడు. "నేను ఒక్కపారి గూడ తిరిగి సూడలేదు. గట్ల రాయి."

కింద ఆయన పేరు తానే రాశాడు. ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి రాసి, కాగితాన్ని ఊది, నా చేతిలో పెట్టాడు. ఏం రాస్తే తన మెడకు ఏం చుట్టుకుంటుందో ఆయన ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. నేను దాన్ని మడవకుండా నోటుపుస్తకంలో పెట్టుకున్నాను. అప్పుడైనా కూర్చుని ఆయనకొకటి రాసి ఉండాల్సింది. వచ్చేసారి ముద్ర వేయించి తెద్దాంలే అనుకుంటూ బండెక్కాను.

పోయిన వానకాలం కూతురు ఫోన్ చేసింది. "బాపు పోయిండు సార్." నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి. షెడ్డులో బాయిలరు మొఖాన ఉండే మూత విప్పి ఉంది, లోపల కడిగి ఆరబెట్టి ఉంది. ఆమె చేతులకింకా ఎర్రమట్టి మరక ఉంది. "ఆర్పిపెట్టేటప్పుడు కడుపు కడిగి పెట్టాలెనని చెప్పిండు సార్" అంది. వెళ్లొస్తానని లేచాక, నా వెంట గుమ్మం దాకా వచ్చి, గోడ వంక చూస్తూ మెల్లగా అడిగింది. "గా మేకు ఉంచాల్నా సార్, పీకెయ్యాల్నా?"

ఉంచమన్నాను.

మొన్న ఎలక్ట్రీషియన్ యాసిడ్ సీసా మూత తీస్తుంటే వద్దని ఆపాను. పానగల్ రోడ్డు పక్కన తంగేడు పూసి ఉందని, చెక్క తెచ్చి నానబెడతానని, పట్టింది నువ్వు గీకేస్తే మళ్లీ రాయి కట్టకుండా నేను చూసుకుంటానని చెప్పాను. అతను నమ్మలేదు.

"మీకు గీ పని వస్తదా సార్?"

వస్తుందన్నాను. ముందు గదిలోకి తీసుకుపోయి, అద్దం పలకలో పెట్టించిన ఆ కాగితం చూపించాను. నా డిగ్రీలు బీరువాలో ఉన్నాయి, గోడ మీద ఉన్నది ఇదొక్కటే. అతను దగ్గరికి జరిగి, పెదవులు కదుపుతూ చదివి, కింద సంతకం దగ్గర ఆగాడు.

"ఎవలు సార్ ఈయన?"

ఆయన పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా, స్పష్టంగా చెప్పాను. ఇక్కడ మాత్రం రాయను. రాయాల్సిన చోట రాయకుండా, ఇక్కడ రాసి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. కోస్గికి ఇవతల, ఆ షెడ్డు గోడ మీద మేకు ఇంకా ఖాళీగానే ఉంది.